మ్యాచ్ స్టేడియంలో, కార్లు మా సందులో

2024 సెప్టెంబర్ 10, మంగళవారం. ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో ఒమన్, దక్షిణ కొరియా ఆడిన రోజు. మ్యాచ్ సాయంత్రం 6 గంటలకు, బౌషర్‌లోని సుల్తాన్ ఖాబూస్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో. మా బిల్డింగ్ నుంచి స్టేడియంకి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు. ఫ్లడ్‌లైట్ల వెలుగు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.

ఆ సాయంత్రం మా కింది ఫ్లాట్ వాళ్ల అమ్మగారికి ఆయాసం వచ్చింది. తణుకు నుంచి విజిట్ వీసా మీద వచ్చి అప్పటికి మూడు వారాలైంది. ఇన్‌హేలర్ పనిచేయలేదు. వాళ్లబ్బాయి కారు బయటికి తీద్దామని కిందికి పరుగెత్తాడు. వెనకాల అడ్డంగా రెండు కార్లు, వాటి వెనక గేటు మూసేసినట్టు ఒక ల్యాండ్ క్రూజర్. ఇక్కడ ఎవరి కారుకైనా అడ్డంగా పెట్టాల్సి వస్తే డ్యాష్‌బోర్డు మీద ఫోన్ నంబర్ చీటీ పెట్టి వెళ్లడం అలవాటు. ఆ మూడింటిలో ఒక్కదానికే చీటీ ఉంది. ఆ నంబర్ మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. వేల మంది అరుస్తున్న చోట ఫోన్ ఎవరికి వినిపిస్తుంది?

అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామని ఒకరు, సందులోకి అది రాలేదు కదా అని ఇంకొకరు. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా వారు, వాచ్‌మన్, పై ఫ్లోర్ మలయాళీ అబ్బాయి, కొడుకు కలిసి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లారు. నేను వెనకాల మందుల సంచీ, పాస్‌పోర్టు పట్టుకుని నడుస్తున్నాను. సగం దూరంలో ఉండగా స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది. మొదటి సగం ముగిసే ముందు స్కోరు 1-1 అయింది, కొరియా డిఫెండర్ తన గోల్‌లోకే బంతి పంపాడని తర్వాత తెలిసింది. ఆ హోరుకి పెద్దావిడ బెదిరి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. టాక్సీ దొరికింది. క్లినిక్‌లో నెబులైజర్ పెట్టారు, రాత్రి పదకొండుకి ఇంటికొచ్చేశారు. మ్యాచ్ ఒమన్ 3-1తో ఓడిపోయింది.

ఆ మర్నాడు మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో పోలీసుల మీదే కోపం. మెయిన్ రోడ్డు పక్కన కార్లు ఆపనివ్వకుండా కోన్లు పెట్టారు, అందుకే అందరూ మన సందులో పడ్డారు, ఆ నిషేధం లేకపోతే మనకీ గొడవ ఉండేది కాదు అని. నేనూ ముందు అలాగే అనుకున్నాను. తర్వాత కాస్త కూర్చుని ఆలోచిస్తే, అందులో సగమే నిజం అనిపించింది.

నిషేధం ఎందుకు పెడతారో ముందు చూద్దాం. 2023 జనవరి 19న ఇరాక్‌లోని బస్రాలో గల్ఫ్ కప్ ఫైనల్, ఇరాక్‌కీ మన ఒమన్‌కీ. (‘మన ఒమన్’ అని అలవాటుగా రాసేశాను, పన్నెండేళ్లుగా ఉంటున్నాను, ఉండనివ్వండి.) మ్యాచ్ మొదలవకముందే స్టేడియం బయట తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి, పదుల సంఖ్యలో గాయపడ్డారు. మనకి ఇంకా దగ్గరిది 2025 జూన్ 4, బెంగళూరు. ఐపీఎల్ గెలుపు సంబరాల్లో చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. రెండు చోట్లా ప్రమాదం జరిగింది లోపల సీట్లలో కాదు, గేట్ల బయట రోడ్ల మీద. అలాంటి సమయంలో స్టేడియం చుట్టూ ఉన్న రోడ్డుకి రెండు వైపులా కార్లు నిలిపి ఉంటే జనం పక్కకి తప్పుకోవడానికి చోటుండదు, అంబులెన్స్ రావడానికి దారుండదు. కాబట్టి మెయిన్ రోడ్డు మీద కోన్లు పెట్టిన రాయల్ ఒమన్ పోలీసులది తప్పు అని నేను అనలేను. ఆ రోజు మేము టాక్సీ పట్టుకోగలిగింది కూడా ఆ రోడ్డు ఖాళీగా ఉండబట్టే.

అసలు సంగతి లెక్కలో ఉంది. బీఎస్సీ ఎంపీసీ చదివి వంటింట్లో ఉన్నవాళ్లకి ఇలాంటి లెక్కలంటే సరదా, కాస్త ఓపిక పట్టండి.

ఈ స్టేడియంలో ముప్పై వేలకి కాస్త అటూ ఇటూగా పడతారు. 1985లో కట్టింది. నిండిందనుకుందాం, కారుకి సగటున ముగ్గురు వచ్చారనుకుందాం. పదివేల కార్లు. ఒక కారు నిలపడానికి, తిప్పుకునే దారితో కలిపి, పాతిక చదరపు మీటర్లు కావాలి. అంటే మొత్తం రెండున్నర లక్షల చదరపు మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. భాగించి చూడండి, ముప్పై అయిదు మైదానాలు వస్తాయి. ఒక్క మైదానంలో ఆట చూడ్డానికి ముప్పై అయిదు మైదానాల పార్కింగ్! అంత స్థలం ఏ నగరంలోనైనా స్టేడియం గేటు ముందు ఎక్కడుంటుంది? కొన్ని వేల కార్లకి లోపల, పక్కన చోటు చూపించినా మిగతావి ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. ఆ ఎక్కడో పేరు మా సందు.

ఇంకో లెక్క కూడా ఉంది. రావడం రెండు గంటల పాటు నెమ్మదిగా జరుగుతుంది, వెళ్లడం మాత్రం అందరూ ఒక్కసారే. ఆగకుండా కదిలే రోడ్డు మీద ఒక్కో లేన్‌లో గంటకి దాదాపు 1,800 కార్లు వెళ్లగలవు. మూడు లేన్లు దొరికాయనుకున్నా పదివేల కార్లు ఖాళీ అవడానికి ఒక గంటా యాభై నిమిషాలు. మధ్యలో సిగ్నళ్లూ రౌండబౌట్లూ ఉంటే ఇంకా ఎక్కువ. ఈ సంగతి అభిమానులకి అనుభవంలో తెలుసు. అందుకే లోపల చోటు ఖాళీగా ఉన్నా కొందరు అక్కడ పెట్టరు. మ్యాచ్ అవగానే సులువుగా జారుకోవచ్చని బయట సందుల్లో పెడతారు. ఆ ల్యాండ్ క్రూజర్ ఆయన కూడా ఇదే ఆలోచించి ఉంటాడు. పది పన్నెండు మంది అలా ఆలోచిస్తే చాలు, సందు మూసుకుపోతుంది.

మెయిన్ రోడ్డు మీద నిషేధం పెడితే కార్ల సంఖ్య ఏమీ తగ్గదు. నీళ్లకి అడ్డుకట్ట వేస్తే పల్లం వెతుక్కున్నట్టు అవి నిషేధం లేని మొదటి వీధిలోకి జరుగుతాయి. ఈ సంగతి లండన్‌లో చాలాకాలం క్రితమే గ్రహించారు. వెంబ్లీ స్టేడియంలో తొంభై వేల మంది పడతారు. పెద్ద ఈవెంట్ ఉన్న రోజున చుట్టుపక్కల నివాస వీధులన్నిటికీ కలిపి ఒక జోన్ అమలవుతుంది. ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా ఆ వీధుల్లో పర్మిట్ ఉన్న నివాసుల కార్లే ఆపాలి. లివర్‌పూల్‌లో ఆన్‌ఫీల్డ్ చుట్టూ, మాంచెస్టర్‌లో ఎతిహాద్ చుట్టూ కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. అంటే అక్కడ నిషేధం ముందు ఇళ్ల మధ్యలోకి వెళ్తుంది. ఇక్కడ మనకి నిషేధం ఇళ్ల దాకా వచ్చి ఆగిపోతుంది. వాట్సాప్‌లో మా వాళ్లకి తట్టనిది ఇదే. ఉన్న నిషేధం ఎక్కువవడం వల్ల రాలేదు ఈ ఇబ్బంది, సగంలో ఆగడం వల్ల వచ్చింది.

అయితే వెంబ్లీ పద్ధతిని అలాగే తెచ్చి ఇక్కడ పెట్టేయలేం. వెంబ్లీకి రైలు ఉంది. మస్కట్‌కి మెట్రో లేదు. ఈ ఊరి ఆకారమే వేరు. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో పొడవాటి రిబ్బన్‌లా రూయి నుంచి సీబ్ దాకా సాగిపోతుంది. ఆ రిబ్బన్‌కి వెన్నెముక సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్, దానికి తోడు మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే. ఆఫీసుకైనా, ఆసుపత్రికైనా, మ్యాచ్‌కైనా ఈ రెండింటి మీదుగానే పోవాలి. కొరియా మ్యాచ్ పెట్టిన ఆరు గంటల వేళ మామూలు మంగళవారాల్లో కూడా రోడ్డు నిండే ఉంటుంది, ఆఫీసులు వదిలే సమయం. అదే 2025 జూన్ 5న జోర్డాన్‌తో మ్యాచ్ బక్రీద్ ముందురోజు పడింది. చాలామంది సెలవులకి సొంత ఊళ్లకి వెళ్లిపోయారు, మా సందులో ఆ రోజు అంత గొడవ లేదు. (ఒమన్ మాత్రం 3-0తో ఓడింది.) మ్యాచ్ ఏ రోజు, ఏ వేళకి అన్నది కూడా పార్కింగ్‌లో భాగమేనని దాంతో నాకు అర్థమైంది.

అభిమాని వైపు నుంచి కూడా చూడాలి కదా. నిజ్వా నుంచో సూర్ నుంచో గంటల కొద్దీ ప్రయాణం చేసి, ముగ్గురు పిల్లల మెడల్లో ఎర్ర కండువాలు వేసి తీసుకొచ్చే తండ్రి ఏం చేస్తాడు? జూన్‌లో రాత్రి ఎనిమిదికి కూడా ఒళ్లు కాలిపోయే వేడి. రెండు కిలోమీటర్ల అవతల కారు పెట్టి పిల్లల్ని నడిపించమంటే మనమైనా నడిపిస్తామా? పైగా 2009 జనవరి 17న ఇదే స్టేడియంలో సౌదీని పెనాల్టీల్లో ఓడించి ఒమన్ మొదటిసారి గల్ఫ్ కప్ గెలిచింది. ఈ ఊరివాళ్లకి ఆ స్టేడియం అంటే అది. 2022 నవంబర్ 16న జర్మనీ జట్టు ఖతర్ ప్రపంచ కప్‌కి వెళ్తూ ఇక్కడ ఆగి ఆడినప్పుడు, 80వ నిమిషం దాకా గోల్ ఇవ్వకుండా నిలబెట్టారు. మా అబ్బాయి ఆ మ్యాచ్ గురించి ఇప్పటికీ చెబుతాడు. మనం వాళ్ల ఊళ్లో అద్దెకుండి వాళ్ల పండగని తిట్టుకోవడం బాగోదు.

ఇంతకీ ఈ నష్టం ఎవరి మీద పడుతోంది? మా సందు చివర కాఫీ షాపుకి మ్యాచ్ రోజు పండగే, కరక్ చాయ్ కప్పులు పోసి పోసి కుర్రాళ్ల చేతులు పడిపోతాయి. పక్కనే ఉన్న బకాలాకి మాత్రం ఎదురు దెబ్బ, సామాన్ల వ్యాన్ లోపలికి రాదు, రోజూ వచ్చేవాళ్లు రారు. లాండ్రీ ఆయన ఏడింటికే షట్టర్ దించేస్తాడు. ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు బండి ఎక్కడో ఆపి నడిచి వస్తారు, ఆలస్యానికి మాట పడేది వాళ్లే.

నాకు ఎక్కువ కనిపించేది మన ఆడవాళ్లు. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసేవాళ్లు మా ప్రాంతంలో చాలామంది. వాళ్లలో కొందరు పని ముగించుకుని షేరింగ్ టాక్సీలో రూయి వైపు గదులకి వెళ్తారు. మ్యాచ్ రోజు టాక్సీలు ఇటు రావు, వచ్చినా ఎక్కువ అడుగుతాయి. రాజంపేట నుంచి వచ్చిన ఒకావిడ నాతో అంది, ‘అమ్మా, ఆట ఉందని ఎవరూ చెప్పలేదు, గంటన్నర రోడ్డు మీద నిలబడ్డాను’ అని. ఆ గంటన్నర ఏ లెక్కలోకీ రాదు. నా పైన చెప్పిన అంకెల్లోనూ లేదు.

ఆవిడ అన్న ‘ఎవరూ చెప్పలేదు’ అనే మాట దగ్గరే నాకు మొదటి పరిష్కారం కనిపిస్తోంది. ట్రాఫిక్ ప్రకటనలు అరబిక్‌లో, ఇంగ్లీషులో, సోషల్ మీడియాలో వస్తాయి. అవి చదివేవాళ్లకి సాధారణంగా సొంత కారు ఉంటుంది, వేరే దారి వెతుక్కుంటారు. చదవలేని వాళ్లకే ఆ సమాచారం ఎక్కువ అవసరం. హిందీ, మలయాళం, బెంగాలీ, తెలుగులో ఒక చిన్న ఆడియో మెసేజ్ చేసి ముందురోజు గ్రూపుల్లో పంపడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. ఉన్న ప్రకటనని మన భాషలో చదివి వినిపిస్తే చాలు. సొంతంగా ఏదీ కల్పించి పెట్టకూడదు, అది ఇక్కడ చట్టరీత్యా చిక్కు.

రెండోది బస్సు. మువాసలాత్ 2015 నవంబర్‌లో రూయి - మబేలా రూటుతో కొత్త నగర బస్సులు మొదలుపెట్టింది, అప్పట్లో మేం సరదాగా ఎక్కి చివరిదాకా వెళ్లొచ్చాం. ముప్పై వేల మందిలో పదో వంతు, మూడు వేల మంది బస్సులో వస్తే యాభై సీట్ల బస్సులు అరవై ట్రిప్పులు తిరగాలి. దానికి బదులు వెయ్యి కార్లు తగ్గుతాయి, అంటే మూడున్నర ఫుట్‌బాల్ మైదానాల జాగా. దూరంగా ఏ మాల్ పార్కింగ్‌లోనో, ఖాళీ స్థలంలోనో కార్లు పెట్టించి అక్కడి నుంచి బస్సులు నడపాలి. కానీ జనం ఎక్కుతారా అన్నదే ప్రశ్న. జర్మనీలో చాలా క్లబ్బులు మ్యాచ్ టికెట్‌తోనే ఆ రోజు బస్సు, రైలు ప్రయాణం కలిపి ఇస్తాయి. ఖతర్ 2022లో హయ్యా కార్డు ఉన్నవాళ్లకి మెట్రో ఉచితం చేసింది. మన ఉప్పల్ స్టేడియంకి పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, ఐపీఎల్ మ్యాచ్ రాత్రుల్లో రైళ్లు ఆలస్యం దాకా నడుపుతారు. అయినా హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ఆ రాత్రి ఎలా ఉంటుందో మా అన్నయ్యని అడిగితే చెబుతాడు. కాబట్టి బస్సు వస్తే అంతా సర్దుకుంటుందని నేను అనడం లేదు. టికెట్‌లో కలిపి ఇస్తే, తిరుగు ప్రయాణంలో బస్సులని ముందు వదిలితే, అప్పుడు కారు తీయాలా వద్దా అని కనీసం ఆలోచిస్తారు.

సమీకృత క్రీడా నగరం కడతామని ప్రభుత్వం ప్రకటించింది కదా, అది వచ్చాక పెద్ద మ్యాచ్‌లు అటు వెళ్లిపోతాయిలే అని మా గ్రూపులో ఒకాయన అన్నారు. రావచ్చు, మంచిదే. ఈలోగా ఆయాసం ఆగుతుందా?

మూడోది అన్నిటికన్నా చిన్నది, నా దృష్టిలో ముందు జరగాల్సింది. నివాస సందుల మొదట్లో మ్యాచ్ రోజు ఒక మనిషి, రెండు కోన్లు. లోపల ఉండేవాళ్లని పంపడం, బయటివాళ్లని పార్కింగ్ వైపు మళ్లించడం. అంతే. పర్మిట్లు, స్టిక్కర్లు తర్వాత సంగతి. అడగాల్సింది ఎవరిని? మనకి ఇక్కడ ఓటు లేదు. కానీ మన ఇంటి ఓనరుకి ఉంది. మున్సిపల్ కౌన్సిల్‌కి ఇక్కడి పౌరులు ఎన్నుకున్న సభ్యులుంటారు. ‘ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమవుతుందో’ అని భయపడే మన అలవాటు తెలిసిందే, నాకూ ఉంది. అందుకని మేం ఫిర్యాదు అనకుండా అభ్యర్థన అని రాశాం. ఆ రోజు జరిగింది, ఏ వైపు సందు ఎంత వెడల్పు, అంబులెన్స్‌కి ఎంత కావాలి అని టేపుతో కొలిచి ఒక పేజీలో రాసి మా ఓనరుకి ఇచ్చాం. ఆయన తల్లిది కూడా దాదాపు అదే వయసట. మొత్తం చదివి, కుర్చీలో ఎంత దూరం మోశారు అని మాత్రం అడిగారు.

రాసేటప్పుడు ఒక విషయం నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. 2018 అక్టోబరులో ఇదే కాంప్లెక్స్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ హాకీ జరిగింది. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్‌కి మేమూ వెళ్లాం, 3-1తో గెలిచాం. కారు ఎక్కడ పెట్టామో గుర్తుందా అని మా వారిని అడిగాను. ఎవరిదో విల్లా గోడ పక్కన, గేటుకి కాస్త అడ్డంగా. ఫోన్ నంబర్ చీటీ పెట్టామా? ఆయనకీ గుర్తు లేదు, నాకూ లేదు. సంక్రాంతికీ ఉగాదికీ మనం హాలు బుక్ చేసుకుని మూడొందల మంది చేరినప్పుడు ఆ వీధిలో ఉండే ఒమనీ కుటుంబాలు మన కార్ల మధ్య నుంచి ఎలా బయటికి వస్తాయో కూడా ఎప్పుడూ చూడలేదు. లోపల ముగ్గుల పోటీ జరుగుతోంది కదా.

2024 నవంబర్ 19న ఇరాక్ మ్యాచ్ నాటికి మున్సిపాలిటీ నుంచి జవాబు రాలేదు. మా ఓనరు తన సొంత ఖర్చుతో రెండు సిమెంటు డ్రమ్ములు, ఒక గొలుసు తెచ్చి గేటు ముందు వేయించారు. వాచ్‌మన్‌కి ఓవర్‌టైమ్ ఇచ్చి ఆరింటి నుంచి అక్కడే కూర్చోబెట్టారు. మా బిల్డింగ్ గేటు తెరుచుకుంది. పక్క బిల్డింగ్ గేటు ముందు మాత్రం ఆ రాత్రి నాలుగు కార్లు లెక్కపెట్టాను. మా దగ్గర చోటు దొరకక వెళ్లినవే అందులో రెండు.